రాతి కడీలకు బిగించిన బరువైన ఇనుప గేటు ఒరుగుతోంది, ఒక కడీ పగిలింది: సరైన బిగింపు ఎలా ఉండాలి?

చెల్క రైతు (దేవరకొండ)

సభ్యులందరికీ నమస్కారం. మా చెల్కకు పోయే ట్రాక్టరు బాట మీద 12 అడుగుల వెడల్పున రెండు రెక్కల ఇనుప గేటు పెట్టించి నాలుగు నెలలైంది. ఒక్కో రెక్క 6 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు ఉంటుంది. అడవి పందులు దూరకుండా మొత్తం రేకు కొట్టించాను. కాటా మీద పెడితే ఒక్కో రెక్క 90 కిలోలు తూగింది. కొత్త స్తంభాలు కట్టకుండా మా నాయన పాతించిన రాతి కడీలనే వాడుకున్నాను. అవి 9 అంగుళాల చదరంతో 8 అడుగుల పొడవున్నాయి. అందులో 2 అడుగులు భూమిలో ఉన్నాయి.

వెల్డింగు పని చేసే అబ్బాయి కడీలకు రంధ్రాలు వేసి, 10 ఎం.ఎం. యాంకర్ బోల్టులతో కబ్జా (గేటు తిరిగే కీలు) పలకలను బిగించాడు. పై కబ్జాకు, కింది కబ్జాకు మధ్య 3 అడుగుల దూరం ఉంది. మొదటి నెలలో గేటు వేలితో తోస్తే తిరిగేది. ఆ తరువాత దాని కొస నేలకు రాసుకుని, బాట మీద వంపుగా గీత పడటం మొదలైంది. మొన్నటి గాలివాన తరువాత తెల్లవారి చూస్తే, ఎడమ కడీలో పై బోల్టు నుంచి అంచు దాకా పగులు కనిపించింది. కుడి కడీ పగలలేదు గానీ గేటు వైపుకు ఒరిగింది. తూకం గుండు వేసి చూశాను, 6 అడుగుల ఎత్తు మీద ఒకటిన్నర అంగుళం తేడా వచ్చింది.

మా నాయన ఎడ్లబండి మీద తెప్పించి పాతించిన కడీలు కావడంతో తీసేయడానికి మనసు ఒప్పుకోవడం లేదు. వీటినే నిలబెట్టుకునే మార్గం ఉంటే చెప్పండి. ఇంకా పెద్ద బోల్టులు వేస్తే సరిపోతుందా?

పాలమూరు సివిల్

అన్నగారూ, పెద్ద బోల్టులు వేస్తే ఉన్న కడీ కూడా పగులుతుంది. ముందుగా రెండు రెక్కలనూ కొస వైపు రాళ్లు పేర్చి ఆనించండి, పిల్లలను అటు పోనివ్వకండి. 90 కిలోల ఇనుప రెక్క ఒక్క బోల్టు మీద వేలాడుతున్నప్పుడు అది ఎప్పుడు పడుతుందో చెప్పలేము.

మీరు ఇచ్చిన కొలతలతోనే లెక్క వేద్దాం. గేటు బరువు కిందికి మాత్రమే పడుతుందని మనం అనుకుంటాం. కిందికి పడే 90 కిలోలను మోయడం రాయికి ఒక లెక్క కాదు. అసలు బాధ అంతా పక్కకు లాగే బలంతోనే ఉంటుంది. రెక్క బరువు దాని నడిమధ్యన, అంటే కబ్జాకు 3 అడుగుల దూరంలో వేలాడుతున్నట్టు లెక్క. దానివల్ల పై కబ్జా కడీ నుంచి ఊడి బయటికి రావాలని చూస్తుంది, కింది కబ్జా కడీని నెడుతుంది. ఆ లాగుడు ఎంత అంటే, 90ని 3 అడుగులతో గుణించి కబ్జాల మధ్య దూరమైన 3 అడుగులతో భాగించాలి. అంటే పై కబ్జా మీద రాత్రీ పగలూ 90 కిలోల లాగుడు ఉంటుంది. 35 కిలోల పిల్లవాడు గేటు కొస మీద ఎక్కి ఊగితే దానికి ఇంకో 70 కిలోలు కలుస్తాయి. కబ్జాల మధ్య దూరాన్ని 4 అడుగులకు పెంచితే, గేటు బరువు వల్ల వచ్చే లాగుడు 68 కిలోల లోపుకు దిగుతుంది. ఖర్చు లేకుండా దొరికే మేలు ఇది, అయినా చాలామంది దీన్ని పట్టించుకోరు.

ఇక గాలి సంగతి. మీరు మొత్తం రేకు కొట్టించారు కాబట్టి ఒక్కో రెక్క 30 చదరపు అడుగుల తెరచాప అయింది. గాలి భారం లెక్కలకు వాడే భారత ప్రమాణం ఐ.ఎస్. 875 మూడో భాగంలో హైదరాబాదుకు ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లు. ఆ వేగంతో చదరపు మీటరుకు దాదాపు 118 కిలోల ఒత్తిడి వస్తుంది, రెక్క మొత్తం మీద 330 కిలోల దాకా పోతుంది. ప్రతి గాలివాన అంత బలంగా ఉండదు గానీ, అందులో మూడో వంతు వచ్చినా మీ 10 ఎం.ఎం. బోల్టులకు ఎక్కువే. రేకు కింది రెండడుగులకే ఉంచి, పైన సలాకల జాలీ పెట్టుకుంటే పందులూ ఆగుతాయి, గాలీ పోతుంది.

కడీ ఎందుకు పగిలిందో కూడా చెబుతాను. నల్లరాయి (గ్రానైట్) నొక్కుడును ఎంతైనా తట్టుకుంటుంది గానీ, లాగుడును తట్టుకునే శక్తి అందులో పదో వంతు కూడా ఉండదు. యాంకర్ బోల్టు పట్టు దొరికేదే రంధ్రంలో ఉబ్బి రాయిని చీల్చేలా నెట్టడం వల్ల. అంచుకు దగ్గరగా వేస్తే ఆ నెట్టుడుకు అంచు ఎగిరిపోతుంది. మీ బోల్టు అంచుకు ఎంత దూరంలో ఉందో కొలిచి రాయండి.

చెల్క రైతు (దేవరకొండ)

కొలిచాను సార్. అంచు నుంచి సరిగ్గా 2 అంగుళాల దూరంలో ఉంది. గేటు రెక్కలకు రాళ్లు ఆనించాను.

రాతి పని (చండూరు)

మాది మూడు తరాలుగా బండ కొట్టే కుటుంబం కాబట్టి, రాయి గురించి నాకు తెలిసింది రాస్తాను.

పగిలిన కడీ పనికొస్తుందో లేదో రాయే చెబుతుంది. చిన్న సుత్తె తీసుకుని, భూమి దగ్గర నుంచి మొదలుపెట్టి జానెడు జానెడుకు తట్టుకుంటూ పైకి పోండి. గట్టి రాయి ఖంగుమని మోగుతుంది. లోపల పగులు ఉన్న చోట ఆ మోత ఆగిపోయి, కుండ పెంకును తట్టినట్టు బోలు చప్పుడు వస్తుంది. మోత ఎక్కడ మారిందో అక్కడ బొగ్గుతో గీత పెట్టండి. తరువాత కడీ మొత్తం తడిసేలా నీళ్లు పోసి, ఎండలో ఆరనివ్వండి. రాయి పైన అంతా ఆరిపోయిన తరువాత కూడా పగులు వెంట సన్నని తడి గీత నిలిచి ఉంటుంది. ఆ గీత ఒక మూల వరకే ఉంటే భయం లేదు, ఆ ముక్క పోయినా కడీ నిలుస్తుంది. గీత ముందు ముఖం నుంచి వెనుక ముఖానికి దాటి ఉంటే మాత్రం, దయచేసి ఆ కడీ మీద గేటు వేయకండి.

ఇంకొక మాట కూడా చెప్పాలి. కబ్జా పలకను కడీకి ఆనించి, అక్కడే వెల్డింగు చేయడం చాలాచోట్ల చూస్తున్నాను. మా పెద్దలు బండ మీద మంట పెట్టి పొరలు లేపేవారు. వేడికి పై పొర ఉబ్బి, కింది పొర నుంచి విడిపోతుంది. వెల్డింగు వేడి కూడా ఒకే చోట అదే పని చేస్తుంది. పైకి ఏమీ కనిపించదు, ఏడాది తరువాత అక్కడి నుంచి పలుచని పెచ్చు లేస్తుంది. వెల్డింగు అంతా కడీకి దూరంగా, నేల మీద పూర్తిచేసి, చల్లారిన తరువాతే తెచ్చి బిగించాలి.

పాలమూరు సివిల్

చండూరు అన్న చెప్పిన మాట అక్షరాలా నిజం. నల్లరాయిలో ఉండే క్వార్ట్జ్ 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర రూపం మార్చుకుని ఒక్కసారిగా ఉబ్బుతుంది. వెల్డింగు మంటకు అది చాలా తక్కువ వేడి.

వెల్డింగు షాపు (మిర్యాలగూడ)

నేను రాతి కడీకి బోల్టు దింపడం మానేసి చాలాకాలమైంది. కడీని చుట్టి పట్టుకునే పట్టీలు చేస్తాను. 50 ఎం.ఎం. వెడల్పు, 8 ఎం.ఎం. మందం ఉన్న ఇనుప పట్టీలు ఒక్కో కబ్జాకు రెండు కావాలి. ఒకటి గేటు వైపు, ఒకటి వెనుక వైపు పడతాయి. రెండూ కడీ కంటే రెండు పక్కలా రెండేసి అంగుళాలు ఎక్కువ పొడవుండాలి. ఆ కొసల్లో రంధ్రాలు వేసి, కడీ పక్కల నుంచి 16 ఎం.ఎం. మర సలాకలు దూర్చి, రెండు వైపులా నట్లు బిగిస్తే కడీ పట్టీల మధ్య ఇరుక్కుంటుంది. గేటు వైపు పట్టీకి కబ్జా కడ్డీని ముందే వెల్డు చేసి ఉంచాలి. అప్పుడు పై కబ్జా లాగుడు కడీని వెనుక నుంచి నొక్కుతుంది గానీ, రాయిని చీల్చదు. కడీ ముఖం ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి, పట్టీ కింద పాత ట్రాక్టరు ట్యూబు ముక్క పెట్టాలి. లేకపోతే రాయిలో ఎత్తుగా ఉన్న ఒక్క చోటే ఒత్తిడంతా పడుతుంది.

నెల తరువాత నట్లు మళ్లీ బిగించాలి. రబ్బరు నొక్కుకుపోయి, కచ్చితంగా సగం చుట్టో ముప్పావు చుట్టో వదులవుతుంది. నట్టు మీద ఇంకో నట్టు వేసి తాళం చేస్తే ఆ తరువాత చింత ఉండదు.

కబ్జా కడ్డీల్లో కిందిది పైకి చూడాలి, పైది కిందికి చూడాలి. రెండూ పైకే చూస్తే, రాత్రిపూట ఇద్దరు మనుషులు గేటును ఎత్తి బండిలో వేసుకుని పోగలరు. కింది కడ్డీ మీద ఒక ఉక్కు గోళీ వేసి గ్రీజు పెడితే, బరువంతా గోళీ మీద తిరుగుతుంది. కొస కింద చక్రం పెట్టించుకున్నా కబ్జాల మీద భారం సగం తగ్గుతుంది.

పాలమూరు సివిల్

చక్రం విషయంలో నేను ఏకీభవించలేను అన్నా. చక్రానికి సిమెంటు నేల గానీ, ఇనుప పట్టా గానీ ఉండాలి. చెల్క బాటలో మొరం, ట్రాక్టరు చక్రాల గాడులు ఉంటాయి. చక్రం గుంతలో పడ్డప్పుడు బరువు మళ్లీ కబ్జాల మీదికే వస్తుంది. దిబ్బ ఎక్కినప్పుడు గేటునే పైకి ఎత్తి, పై కబ్జాను మెలిపెడుతుంది. ఇంటి ముందర సిమెంటు మీదైతే మీరు చెప్పింది సరే.

పట్టీల పద్ధతి మాత్రం చాలా సరైనది. అయితే పట్టీలు కడీ పగలకుండా కాపాడతాయే గానీ, ఒరగకుండా కాపాడలేవు. కుడి కడీ ఒరగడానికి కారణం పునాదే. 90 కిలోలు 3 అడుగుల దూరంలో వేలాడితే, కడీ మొదట్లో 270 కిలో-అడుగుల (కిలోలను అడుగుల దూరంతో గుణించిన లెక్క) ఒరిగించే బలం పడుతుంది. కడీ బరువు దాదాపు 340 కిలోలు. 9 అంగుళాల వెడల్పున్న అడుగుభాగం మీద ఆ బరువు ఎదురు నిలవగలిగింది 130 కిలో-అడుగుల లోపే. మిగతాదంతా చుట్టూ ఉన్న మట్టి మోయాలి. మట్టి ఎండినప్పుడు మోస్తుంది, వానకు మెత్తబడగానే జరుగుతుంది.

కడీని నిలువుగా సరిచేసి గుంజలతో ఆపి, దాని చుట్టూ రెండున్నర అడుగుల చదరంతో కడీ అడుగు దాకా గుంత తీయండి. కడీ కిందికి తవ్వకండి, దిగిపోతుంది. 1 : 1½ : 3 పాళ్లలో (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటు పోయండి. ఆ కాంక్రీటు బరువు సుమారు 775 కిలోలు ఉంటుంది, కడీతో కలిపి 1,100 కిలోలు దాటుతుంది. రెండున్నర అడుగుల వెడల్పున్న అడుగుభాగం మీద ఆ బరువు 1,400 కిలో-అడుగుల వరకు ఎదురు నిలుస్తుంది. గేటుకూ పిల్లవాడి ఊగుడుకూ కలిపి 480 సరిపోతుంది, మిగతాది గాలికి ఉంచుకున్నట్టు. వీలైతే రెండు గుంతల మధ్య బాట కింద 9 అంగుళాల వెడల్పుతో, నాలుగు 12 ఎం.ఎం. సలాకలతో ఒక బీము పోయండి. అప్పుడు రెండు కడీలూ లోపలికి వంగాలన్నా ఒకదాన్ని ఒకటి ఆపుకుంటాయి. కనీసం ఏడు రోజులు గోనెసంచులు కప్పి నీళ్లు పట్టండి, 28 రోజులు నిండేదాకా గేటు వేలాడదీయకండి. ఈ చివరి మాటను దయచేసి తేలికగా తీసుకోకండి. మూడో రోజునే గేటు ఎక్కించి, మొత్తం పనిని చెడగొట్టుకున్న వాళ్లను నేను స్వయంగా చూశాను.

రేగడి భూమి (అలంపూర్)

ఈ కొలతలు చెల్క భూములకు సరిపోతాయి గానీ, మావంటి నల్లరేగడిలో 2 అడుగుల లోతు ఏ పనికీ రాదు. మా దగ్గర ఎండాకాలంలో చేయి దూరేంత నెర్రెలు విచ్చుతాయి, వానాకాలంలో అదే భూమి ఉబ్బి స్తంభాన్ని పైకి నెడుతుంది. మా కొట్టం గేటు రెండేళ్లలో మూడుసార్లు సరిచేసుకున్నాను. రేగడిలో ఉన్నవాళ్లు ఏం చేయాలి?

పాలమూరు సివిల్

రేగడి పొర తక్కువ మందం ఉంటే, దాన్ని దాటి మొరం తగిలేదాకా తవ్వి అక్కడి నుంచి పునాది లేపండి. గుంత చుట్టూ ఆ రేగడినే తిరిగి పూడ్చకుండా మొరం గానీ, ఇసుక గానీ నింపండి. పొర లోతుగా ఉంటే, అడుగున గంట ఆకారంలో వెడల్పు చేసిన అండర్ రీమ్డ్ పైలు పద్ధతి ఉంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ దీన్ని ఇటువంటి భూముల కోసమే అభివృద్ధి చేసింది. ఆ వెడల్పు భాగం, భూమి ఉబ్బినా స్తంభాన్ని పైకి రానివ్వదు. రేగడిలో బీము పోసేవారు దాని కింద మూడు అంగుళాల ఖాళీ వదలాలి. లేకపోతే ఉబ్బిన మట్టి బీమునే ఎత్తి విరుస్తుంది.

కొత్త ఇల్లు (జడ్చర్ల)

నాది ఇటుక పిల్లరు. 9 అంగుళాలది, లోపల సలాకలు లేవు, పైన టైల్స్ అతికించారు. హోల్డ్‌ఫాస్ట్‌లు (గేటును పిల్లరుకు పట్టించే ఇనుప పట్టీలు) ఇటుకల మధ్య మాలులో పెట్టి గేటు వేశారు. ఇప్పుడు హోల్డ్‌ఫాస్ట్ చుట్టూ మాలు పొడిపొడిగా రాలుతోంది. కెమికల్ యాంకర్ (రంధ్రంలో అతుక్కునే మందు పోసి సలాక నిలపడం) వేస్తే నిలుస్తుందని దుకాణంలో చెప్పారు. వేయించమంటారా?

పాలమూరు సివిల్

కెమికల్ యాంకర్ మంచిదే గానీ, అది పట్టుకునే వస్తువు గట్టిగా ఉండాలి. మంచి కాంక్రీటులో గానీ, పగుళ్లు లేని రాయిలో గానీ 16 ఎం.ఎం. సలాకకు 18 ఎం.ఎం. రంధ్రం, 125 ఎం.ఎం. లోతు వేస్తారు. రంధ్రంలో ఉన్న దుమ్మును ఊది, బ్రష్షుతో తోమి, మళ్లీ ఊదాలి. దుమ్ము మిగిలితే మందు రాయికి కాకుండా దుమ్ముకు అతుక్కుంటుంది. మీ పిల్లరులో సలాకలు లేవు కాబట్టి, యాంకర్ ఊడకపోయినా ఇటుకలే యాంకర్‌తో సహా ఊడి వస్తాయి. మీరు పిల్లరును ముట్టుకోకుండా, దాని లోపలి వైపు ఆనుకుని 4 అంగుళాల చదరపు ఇనుప గొట్టాన్ని సొంత కాంక్రీటు పునాదిలో నిలిపి, గేటును దానికే వేయండి. పిల్లరు చూడటానికి ఉంటుంది, బరువు గొట్టం మోస్తుంది. ఇంకా ఇల్లు కట్టుకోబోయేవారు మాత్రం, పిల్లరు లోపల సలాకలతో కాంక్రీటు గుండె పోయించి, కబ్జా పలక కాళ్లను ఆ సలాకలకు ముందే కట్టించుకోండి.

ఎడ్ల కొట్టం (అచ్చంపేట)

కర్ర గుంజల గురించి కూడా రెండు మాటలు రాస్తాను, మా వైపు కొట్టాలకు ఇంకా తుమ్మ గుంజలే ఉన్నాయి. కర్రకు స్క్రూ మీద భారం వేయకూడదు. గుంజను ఈ పక్క నుంచి ఆ పక్కకు తొలిచి, ఆరపార బోల్టు వేసి, వెనుక 2 అంగుళాల చదరపు ఇనుప పలక పెట్టి నట్టు బిగించాలి. వాషరు చిన్నదైతే కర్రలోకి దిగబడి, బోల్టు వదులవుతుంది. పచ్చి తుమ్మ ఎండేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి, మొదటి ఎండాకాలం తరువాత నట్లు చూసుకోవాలి.

గుంజ పోయేది ఎప్పుడూ నేల మట్టం దగ్గరే. అక్కడ తడి, గాలి రెండూ కలుస్తాయి, చెదలు కూడా అక్కడే పడతాయి. మా కొట్టంలో గుంజను భూమిలో పాతకుండా, కాంక్రీటులో నిలిపిన రెండు ఇనుప పట్టీల మధ్య, నేలకు రెండు అంగుళాల పైన నిలిపి బోల్టులు వేశాము. కర్ర గేటుకు ఏటవాలు బద్దె వేసేటప్పుడు దిక్కు తప్పకూడదు. కింది కబ్జా దగ్గర మొదలై, గేటు కొస పై మూలకు పోవాలి. అప్పుడు కొస బరువును బద్దె కిందికి నొక్కి కబ్జాకు అందిస్తుంది. సన్నని ఇనుప కడ్డీ వేస్తే దిక్కు మారుతుంది. పై కబ్జా నుంచి కొస కింది మూలకు లాగి కట్టాలి, ఎందుకంటే కడ్డీ లాగుడునే మోయగలదు, నొక్కితే వంగిపోతుంది.

పాత ఇల్లు (వనపర్తి)

రాతిలో సీసం పోసి ఇనుప కొక్కేలు నిలపడం మా పాత ఇంట్లో చూశాను. ఇప్పుడు ఆ పద్ధతి వాడవచ్చా?

రాతి పని (చండూరు)

మా తాత ఆ పని చేసేవారు. రంధ్రాన్ని లోపల వెడల్పుగా, బయట ఇరుకుగా తొలిచి, కొక్కెం నిలిపి కాగిన సీసం పోసి, చల్లారాక ఉలితో దట్టించేవారు. బిగువుగా నిలుస్తుంది. అయితే రంధ్రంలో చెమ్మ ఉంటే సీసం ఎగిరి ముఖం మీద పడుతుంది, దాని పొగ కూడా విషం. అందుకే నేను ఎవరికీ చెప్పను. సీసం లేకుండా ఉత్త సిమెంటుతో ఇనుము దింపిన చోట నీళ్లు దిగి తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ జాగా తీసుకుని రాయిని చీల్చుతుంది. పట్టీలే మేలు.

చెల్క రైతు (దేవరకొండ)

అందరికీ ధన్యవాదాలు. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, 28 రోజులు నిండేదాకా ఆగాను.

చండూరు అన్న చెప్పినట్టు సుత్తెతో తట్టి చూశాను. కుడి కడీ అడుగు నుంచి కొస దాకా ఒకే తీరుగా మోగింది. ఎడమ కడీ 4 అడుగుల దాకా మోగి, ఆ పైన బోలుగా పలికింది. నీళ్లు పోసి ఆరనిస్తే, తడి గీత వెనుక ముఖానికి దాటి కనిపించింది. బాధ అనిపించినా దాన్ని తీసేసి, 9 అడుగుల కొత్త కడీ తెప్పించి 3 అడుగులు పాతాము. రెండింటికీ కాంక్రీటు పోసి, బాట కింద బీము వేయించాము. కబ్జాల మధ్య దూరం 4 అడుగులు చేసి, మిర్యాలగూడ అన్న చెప్పిన పట్టీలు బిగించాము. పై భాగంలో రేకు తీసేసి జాలీ పెట్టిస్తే, ఒక్కో రెక్క 78 కిలోలకు దిగింది.

మూసినప్పుడు గేటు కొస ఎక్కడ ఉంటుందో ఒక రాయి మీద సుద్దతో గీత పెట్టాను. గేటు ఎక్కించి మూడు వారాలైంది, మధ్యలో ఒక పెద్ద వాన పడింది. గీత దగ్గర ఇప్పటికి తేడా లేదు. నాయన పాతిన ఎడమ కడీలో గట్టిగా మోగిన కింది ముక్కను కోయించి, తెరిచిన గేటు గాలికి కొట్టుకోకుండా ఆనుకునే చోట బాట పక్కన పాతాను.

వెల్డింగు షాపు (మిర్యాలగూడ)

చాలా సంతోషం అన్నా. ఇంకో వారానికి నెల నిండుతుంది, ఆ నట్లు మరిచిపోకండి. ముందు పై పట్టీవి బిగించి, తరువాత కిందివి చూడండి.